ప్రేమ వ్యవహారాలు, బద్నాం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం ఆధారంగా

ఇద్దరి మధ్య పుట్టిన ఇష్టం ప్రేమ వ్యవహారం. ఆ ఇష్టం మూడో మనిషి నోట్లో పడి, ఊరంతా తిరిగి, చివరికి ఆ ఇద్దరి గడపల్లోకే వచ్చి కూర్చుంటే అది అపవాదు, రట్టు, తెలంగాణ పల్లెల్లో బద్నాం. రెంటినీ ఒకే గాటన కట్టడం అలవాటే గానీ అవి వేరు. ప్రేమ లేకుండానే బద్నాం పుడుతుంది. బద్నాం కాకుండానే బతుకంతా సాగిన ప్రేమలూ ప్రతి ఊళ్ళో ఉన్నాయి. మొదటిదాన్ని మన కావ్యాలు, నవలలు, సినిమాలు కావలసినంత పట్టించుకున్నాయి. రెండోదాన్ని ఎవరు పుట్టిస్తారు, ఎందుకు పుట్టిస్తారు, దాని దెబ్బ ఎవరి మీద పడుతుంది అనే లెక్క మాత్రం తక్కువగా తీశారు. ఈ వ్యాసం ఎక్కువగా ఆ లెక్క గురించే. తీసి చూస్తే తేలేది ఒకటే: బద్నాం వేసే శిక్ష జరిగిన పనిని బట్టి పడదు. మనిషి ఆడా మగా, ఏ కులం, చేతిలో ఏ పదవి ఉంది అన్నదాన్ని బట్టి పడుతుంది.

ప్రాంతం

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుంచి విడిపడి ఏర్పడింది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి దాని రెవెన్యూ డివిజన్లు. హైదరాబాదు నుంచి నాగపూర్ వెళ్ళే 44వ జాతీయ రహదారి, సికింద్రాబాదు–నిజామాబాదు రైలు మార్గం కామారెడ్డి మీదుగా పోతాయి. బెల్లం వ్యాపారానికి ఈ పట్టణం పేరుపడింది. మంజీర మీద 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ కాలువల కిందికి వరి, చెరకు వచ్చాయి. భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల రైతులూ వచ్చి ‘క్యాంపులు’ కట్టుకున్నారు. కాలువ అందని ఊళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుడతారు, మగవాళ్ళు చాలామంది దుబాయి, మస్కట్, సౌదీ పోతారు. మన విషయానికి ఈ భూగోళం అక్కరకొస్తుంది: రోడ్డు, రైలు ఉన్న చోట పారిపోవడం సులువు, మగడు గల్ఫ్‌లో ఉన్న చోట అనుమానం సులువు.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త అవసరం. డివిజన్ కేంద్రమైన ఎల్లారెడ్డి వేరు. కామారెడ్డికి దగ్గర్లో, సదాశివనగర్ మండలంలో ఉన్న అడ్లూర్ ఎల్లారెడ్డి వేరు. ఇటీవలి కాలంలో రాష్ట్రమంతా చెప్పుకున్న ఘటన జరిగింది రెండోచోట.

పెద్ద చెరువు, 2024

2024 డిసెంబరు 25 రాత్రి, మర్నాడు పొద్దున అడ్లూర్ ఎల్లారెడ్డి పెద్ద చెరువులోంచి మూడు శవాలను బయటికి తీశారు. ఒకరు ఎస్సై, ఒకరు మహిళా కానిస్టేబుల్, మూడోవాడు కంప్యూటర్ పని చేసే యువకుడు. ముగ్గురి పేర్లూ ఆ వారమంతా పత్రికల్లో వచ్చాయి. ఇక్కడ వాటి అవసరం లేదు.

పోస్టుమార్టం పూర్తయ్యేలోపే కథ తయారైపోయింది. ఎవరు ఎవర్ని ఇష్టపడ్డారు, ఎవరు ఎవర్ని కాదన్నారు, చెరువులోకి ఎవరు ముందు దిగారు, ఎవరు ఎవర్ని కాపాడబోయారు: ఈ నాలుగు ప్రశ్నల చుట్టూ స్టూడియోల్లో గంటల కొద్దీ చర్చలు జరిగాయి. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో తీయించుకున్న ఫోటోలు కత్తిరించి, పక్కపక్కన పెట్టి, మధ్యలో ఎర్ర బాణం గుర్తులు వేశారు. జవాబు చెప్పవలసిన ముగ్గురూ లేరు. అడిగినవాళ్ళకు అది అడ్డం కాలేదు సరికదా, అదే వీలు అయింది. ఎదురు చెప్పేవాళ్ళు లేని కథ ఎలా తిప్పితే అలా తిరుగుతుంది.

ఒక ఠాణా అధికారి, వేరే ఠాణా ఉద్యోగి, ఒక పౌరుడు ఒకేచోట చనిపోతే అడగవలసిన ప్రజా ప్రశ్నలు లేకపోలేదు. డ్యూటీ వేళలు, సెలవులు, పని ఒత్తిడి, ఇబ్బందిలో ఉన్న ఉద్యోగి తన బాధ చెప్పుకోవడానికి శాఖలో ఎవరున్నారు అన్నవి అడగవలసినవే. అవి తెర మీద కనబడింది తక్కువ. ప్రేమ కోణం కనబడింది ఎక్కువ. ఆత్మహత్యల వార్తలు ఎలా రాయాలో భారత పత్రికా మండలి 2019లోనే మార్గదర్శకాలు తెచ్చింది: సంచలన శీర్షిక పెట్టొద్దు, పద్ధతిని వివరించొద్దు, ఫోటోలు, వీడియోలు వాడొద్దు. కామారెడ్డి చావుల మీద వచ్చిన వీడియోలను ఆ మూడు వాక్యాల పక్కన పెట్టి చూస్తే చాలు, ఎన్ని నిలుస్తాయో తెలుస్తుంది.

ఊళ్ళో అది ఎలా పుడుతుంది

పల్లెలో ఎవరికి ఎవరితో ఏముందో చాలామందికి చాలాకాలంగా తెలిసే ఉంటుంది. తెలిసినంత మాత్రాన రట్టు కాదు. ‘మనకెందుకమ్మా’ అని ఊరు ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుంటుంది. ఒకరోజు పొలం గట్టు తగాదా వస్తుంది, లేదా చిట్టీ పైసలు ఎగ్గొట్టడం, లేదా సర్పంచి ఎన్నిక. అప్పుడు దాచిన మాట బయటికి వస్తుంది. కాబట్టి రట్టు అయిన రోజు ప్రేమలో కొత్తగా ఏమైందని వెతకడం కన్నా, ఆ వారం ఊళ్ళో ఏ తగాదా జరిగిందో వెతికితే కారణం త్వరగా దొరుకుతుంది.

మానవశాస్త్రజ్ఞుల్లో దీని మీద పాత వాదమే ఉంది. చెవులు కొరుక్కోవడం సమూహాన్ని కలిపి ఉంచుతుందని, దాని కట్టుబాట్లను కాపాడుతుందని మాక్స్ గ్లుక్‌మన్ 1963లో రాశాడు. అదేం కాదు, మాట్లాడేవాడు తన పని చక్కబెట్టుకోవడానికే మాట్లాడతాడని రాబర్ట్ పెయిన్ 1967లో జవాబిచ్చాడు. కామారెడ్డి బస్టాండు ఎదుట చాయ్ హోటల్లో ఓ పూట కూర్చున్న ఎవరైనా పెయిన్ వైపే మొగ్గుతారు. గుసగుసలన్నీ ఆడవాళ్ళవే అనే మాట కూడా అక్కడే తేలిపోతుంది. బీడీ చాటల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు చేతులు ఆడిస్తూ మాట్లాడతారు, చాయ్ హోటల్లో మగవాళ్ళు పని మానుకుని మాట్లాడతారు, అంతే తేడా.

ఇక లేచిపోవడం. దీనికి ఇప్పుడు ఒక క్రమం స్థిరపడిపోయింది. అమ్మాయి కనబడకపోతే ఇంటివాళ్ళు ముందు చుట్టాలకు ఫోన్ చేస్తారు. మేనమామ బస్టాండు చూసొస్తాడు, అన్న రైల్వే స్టేషన్ చూసొస్తాడు. ఆ రాత్రి ఎవరికీ చెప్పరు. తెల్లారాక తప్పనిసరై ఠాణాకు పోతే ‘అమ్మాయి మిస్సింగ్’ అని కేసు రాస్తారు. రెండు మూడు రోజులకు మెళ్ళో దండలతో ఫోటో ఒకటి ఎవరి ఫోన్‌కో వస్తుంది. ఆ సాయంత్రానికి అది ఊరి గ్రూపులో ఉంటుంది. పెళ్ళి గుళ్ళోనో ఆర్యసమాజ్‌లోనో అయి ఉంటుంది. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద రిజిస్టర్ చేసుకోవాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసు గోడకు అంటిస్తారు. దాక్కోవడానికి వచ్చినవాళ్ళకు ఆ గోడే భయం.

జంట రక్షణ కోరుతూ ఠాణా మెట్లెక్కితే పోలీసులు అడిగే మొదటి కాగితం పదో తరగతి మెమో. ప్రేమలేఖ కాదు, ఆధార్ కూడా కాదు, మెమో. అందులో పుట్టిన తేదీ ఉంటుంది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాయా లేదా అన్నది దాంతో తేలుతుంది. అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే కథ అక్కడే మలుపు తిరుగుతుంది: కిడ్నాపు, 2012 నాటి పోక్సో చట్టం, అబ్బాయికి జైలు. నిండితే అమ్మాయి వాంగ్మూలం రాస్తారు: ‘నేను మేజర్‌ను, నా ఇష్టంతోనే వచ్చిన.’ అటు తర్వాత ఇరుపక్షాలను పిలిచి కూర్చోబెడతారు. తల్లి ఏడుస్తుంది, ‘బిడ్డా, ఒక్కసారి ఇంటికి రా, అంతా మంచిగనే చేస్తం’ అంటుంది. తండ్రి గోడ వైపు తిరిగి నిలబడతాడు. తరచుగా అక్కడ అందరికన్నా ఎక్కువ మాట్లాడేది ఇద్దరి రక్తసంబంధీకులూ కాదు, వెంట వచ్చిన కులపెద్ద. చివరికి పిల్లల జోలికి పోమని పెద్దల చేత కాగితం రాయించుకుంటారు. కాగితం ఠాణాలో ఉంటుంది, పెద్దలు ఊళ్ళో ఉంటారు.

నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో దీనికి తోడు గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. జనం ‘వీడీసీ’ అంటారు. ఓటు వేసి ఎన్నుకున్నవి కావు, కులానికి ఇంతమంది చొప్పున కూర్చునేవి. బెల్టు షాపు వేలం, చెరువు చేపలు, ఇసుక నుంచి డబ్బు వస్తుంది. గుడి కట్టడం, రోడ్డు వేయడం దగ్గర మొదలైన కమిటీలు జరిమానాలు వేయడం, కుటుంబాలను వెలివేయడం దాకా పోయాయి. వెలి అంటే కిరాణా కొట్టులో సరుకు ఇవ్వరు, దుక్కికి ట్రాక్టరు రాదు, మంగలి రాడు, పలకరించినవాళ్ళకూ జరిమానా. ఇలాంటివాటి మీద కేసులు పెట్టినా కమిటీలు పోలేదు. భూమి తగాదాకు వేసే వెలినే కులాంతర పెళ్ళికీ వేయగల వ్యవస్థ ఇది. రాజ్యాంగం ఇచ్చిన అధికారం అణువంత లేకుండా ఊరి మీద ఇంత పెత్తనం చేసే సంస్థ మరొకటి ఈ సీమలో లేదు.

గల్ఫ్ ఇళ్ళ సంగతి ఇంకో రకం. మగడు రెండేళ్ళకో మూడేళ్ళకో వస్తాడు. డబ్బు భార్య పేర వస్తుంది, బ్యాంకుకు ఆమె పోతుంది, ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీతో, సిమెంటు దుకాణందారుతో ఆమే మాట్లాడుతుంది. ఒకప్పుడు మగవాడు చేసిన పనులన్నీ చేస్తున్నందుకు ఆమె మీద మాట పుడుతుంది. ఆ మాట ఫోన్ కాల్‌లో ఎడారి దాటి ఒక్క రాత్రిలో చేరుతుంది. అక్కడ పన్నెండు మందితో ఒకే గదిలో పడుకునే మనిషికి దాన్ని నిదానంగా కనుక్కునే దారి ఏదీ ఉండదు. ఇందులో ప్రేమ వ్యవహారం ఉండాల్సిన పని కూడా లేదు. అత్తింటివాళ్ళకు డబ్బు అందకపోతే చాలు.

పురాణం, కావ్యం

తెలుగు ఇంట ఏటా ఒకసారి అపవాదు కథ అక్షింతలు చేత్తో పట్టుకుని వింటారు. వినాయక చవితి నాటి శమంతకోపాఖ్యానం అది. మణి అడిగి లేదనిపించుకున్న కృష్ణుడి మీదికే, మణితో అడవికి పోయిన ప్రసేనుడి చావు వచ్చి పడుతుంది. సత్రాజిత్తు నింద వేస్తాడు. కృష్ణుడు అడవికి వెళ్ళి, జాంబవంతుడితో పోరాడి, మణి తెచ్చి చూపిస్తాడు. నీలాపనింద తొలగడమే కాక ఇద్దరు భార్యలు కూడా దక్కుతారు. నింద పడ్డవాడు మగవాడు, బలవంతుడు అయితే ముగింపు అలా ఉంటుంది.

సీత కథ చూడండి. ఎవరో ఒక చాకలి తన భార్యను కసిరినప్పుడు అన్న మాట గూఢచారి చెవిన పడి అయోధ్య సింహాసనం దాకా వస్తుంది. విచారణ లేదు, సాక్షి లేడు. నిండు గర్భిణి అడవికి పోతుంది. 1963 నాటి ‘లవకుశ’ సినిమాకు పల్లెల నుంచి బండ్లు కట్టుకుని పోయి ఏడ్చిన తరం ఇప్పటికీ ఉంది. ఆ ఏడుపు సీత కోసమే. అయినా ఇంటికొచ్చాక చాకలి మాటకే విలువ ఇచ్చినవాళ్ళు వాళ్ళలో తక్కువేం కాదు. రాజమహేంద్రవరం సారంగధరుడి కథ మూడో రకం: సవతి తల్లి చిత్రాంగి వేసిన అబద్ధపు నింద, తండ్రి తొందరపాటు, కొడుకు కాళ్ళు చేతులు నరికించడం. గౌరన, చేమకూర వేంకటకవి రాసిన ఈ కథను నాటకంగా, సినిమాగా తెలుగువాళ్ళు మళ్ళీ మళ్ళీ చూశారు. నింద వేసే స్త్రీ కథ ఇంత ఇష్టమైనదెందుకో ఆలోచించదగినదే.

ఆధునిక కాలంలో గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో రంగమెక్కి 1897లో అచ్చయింది. గిరీశం బుచ్చమ్మను లేవదీసుకుపోవడం అందులో ప్రేమ కాదు, సంస్కరణ ముసుగేసుకున్న లాభం. పరువుగల పెద్దల రహస్యాలన్నీ తెలిసిన మధురవాణే నాటకంలో అందరికన్నా నిజాయితీగల మనిషి. చలం ‘మైదానం’ 1927లో వచ్చింది. భర్తను వదిలి అమీర్ వెంట వెళ్ళిన రాజేశ్వరి ఊరి నోటిని లెక్కచేయకపోవడమే పాఠకులకు మింగుడుపడలేదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ మీద గొడవ మరీ విచిత్రం. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి రాసిన శృంగార కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం ప్రకాశం పంతులు ప్రభుత్వ కాలంలో గానీ పోలేదు. ఆ పుస్తకాన్ని తిట్టిన పండితుల చేతుల్లోనే మగకవుల శృంగార ప్రబంధాలు పాఠ్యగ్రంథాలుగా ఉన్నాయి.

హైదరాబాదు రెండు రట్టులు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఒకప్పుడు నిజాం రాజ్యంలోవి. ఆ రాజధానిలో జరిగిన రెండు వ్యవహారాలు ఈ విషయానికి మంచి ఉదాహరణలు.

మొదటిది జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌ది. 1798 నుంచి 1805 దాకా హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటు. నగరంలోని గొప్ప కుటుంబపు పిల్ల ఖైరున్నిసాను ప్రేమించి, మతం మారి, ముస్లిం పద్ధతిలో పెళ్ళాడాడు. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ విచారణ జరిపించాడు. ఉద్యోగం పోలేదు. కోఠీలో ఈనాడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న రెసిడెన్సీ భవనం అతను కట్టించిందే. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపారు. అదే ఏడు అక్టోబరులో అతను కలకత్తాలో చనిపోయాడు. తర్వాత ఆమె హెన్రీ రస్సెల్ అనే మరో కంపెనీ ఉద్యోగికి దగ్గరైంది. అతను వదిలేశాడు. హైదరాబాదు ఆమెను రానివ్వలేదు, ఏళ్ళ తరబడి మచిలీపట్నంలో గడిపింది. చివరికి హైదరాబాదు చేరి 1813లో కన్నుమూసింది. పిల్లల్ని మళ్ళీ చూడలేదు. ఆయనకు దక్కింది విచారణ, ఆమెకు దక్కింది ప్రవాసం. విలియం డాల్రింపుల్ 2002లో ఈ కథను పెద్ద పుస్తకంగా రాశాడు.

రెండోది అచ్చు యంత్రం చేసిన పని. 1892 ఏప్రిల్‌లో హైదరాబాదు దొరసానులకు విన్నపం పేరుతో ఆంగ్ల కరపత్రం ఒకటి నగరంలో పంచారు. నిజాం ప్రభుత్వంలో హోం కార్యదర్శి మెహదీ హసన్ భార్య గెర్ట్రూడ్ డానెల్లీ లక్నోలో వేశ్య అని, వాళ్ళకు పెళ్ళే కాలేదని అందులో రాశారు. ఇంగ్లండులో విక్టోరియా రాణి సమక్షానికి వెళ్ళొచ్చిన జంట అది. ఉత్తరాది నుంచి వచ్చి పెద్ద పదవులు పొందిన అధికారులకు, స్థానిక వర్గాలకు అప్పట్లో పడేది కాదు. కరపత్రం వెనుక ఉన్నది ఆ పోరు. మెహదీ హసన్ రెసిడెన్సీ కోర్టులో పరువు నష్టం కేసు వేశాడు. తొమ్మిది నెలల విచారణలో ఆమె గతం గురించి లక్నో నుంచి సాక్షులు వచ్చారు, పత్రికలు రోజూ రాశాయి. కొద్దిమంది చదివిన కరపత్రాన్ని దేశమంతా చదివింది. 1893లో నిందితుడు బయటపడ్డాడు, మెహదీ హసన్ పదవి పోగొట్టుకుని లక్నో చేరాడు. పరువు నష్టం దావా వేసేవాళ్ళంతా తెలుసుకోవలసిన కేసు ఇది.

పత్రిక, తెర

గుట్టు అచ్చేసే ఈ వ్యాపారం తర్వాత సినిమాకు పాకింది. తెలుగు సినిమాకు కూడా ఇల్లైన మద్రాసులో లక్ష్మీకాంతన్ అనే అతను తారల గుట్టు రాసే పత్రికలు నడిపాడు. 1944 నవంబరు 8న అతన్ని పొడిచారు, మర్నాడు చనిపోయాడు. అగ్రనటులు త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్‌లకు శిక్ష పడింది. ప్రీవీ కౌన్సిల్ కేసును తిప్పి పంపాక 1947లో విడుదలయ్యారు, కానీ భాగవతార్ పాత వైభవం తిరిగి రాలేదు.

పదవిలో ఉన్నవాళ్ళ సంగతికొస్తే, 2009 డిసెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్ నారాయణ్ దత్ తివారీ మీద ఒక తెలుగు ఛానెల్ రాజ్‌భవన్ వీడియో అంటూ ప్రసారం చేసింది. ఆయన ఆరోపణలను ఖండించి, ఆరోగ్య కారణాలు చెప్పి డిసెంబరు 26న రాజీనామా చేశారు. ఇలాంటి చోట ప్రజలకు సంబంధించిన ప్రశ్న పడకగదిది కాదు: పదవిని వాడుకున్నారా, అబద్ధం ఆడారా? బ్రిటన్‌లో 1963లో యుద్ధ మంత్రి జాన్ ప్రొఫ్యూమో పదవి పోయింది సంబంధం వల్ల కన్నా పార్లమెంటులో ఆడిన అబద్ధం వల్ల. అమెరికాలో 1998 డిసెంబరులో క్లింటన్ మీద అభిశంసన వచ్చింది కూడా ప్రమాణం చేసి చెప్పిన మాటల మీదే. మన ఛానెళ్ళు ఈ తేడాను ఇంకా పట్టించుకోవడం లేదు.

చట్టం ఎక్కడుంది

పెళ్ళైన స్త్రీతో సంబంధం పెట్టుకున్న పరపురుషుడి మీద ఆమె భర్త కేసు పెట్టే వీలు భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ ఇచ్చింది. అయిదేళ్ళ దాకా జైలు. అదే భర్త వేరే స్త్రీ దగ్గరికి పోతే భార్యకు ఆ హక్కు లేదు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. దాంతో అక్రమ సంబంధం నేరం కాదు గానీ విడాకులకు కారణంగా నిలిచే ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 497కు బదులు లేదు. పెళ్ళైన స్త్రీని దురుద్దేశంతో లేవదీసుకుపోవడం మాత్రం 84వ సెక్షన్ కింద ఇంకా నేరమే. పెళ్ళి చేసుకుంటానని మోసపుచ్చి లైంగిక సంబంధం పెట్టుకుంటే 69వ సెక్షన్ పదేళ్ళ దాకా జైలు అంటుంది. పరువు నష్టానికి 356.

కలిసి బతకడం నేరం కాదని 2010లో నటి ఖుష్బూ మీద ఉన్న ఇరవైకి పైగా కేసులు కొట్టేస్తూ సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరు మేజర్ల పెళ్ళిలో కుల పంచాయతీ తలదూర్చడం చట్టవిరుద్ధమని 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో చెప్పింది. ఆంతరంగికత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చారు. వీడీసీ గుమ్మం దాకా ఈ తీర్పులు ఇంకా రాలేదు.

శక్తి వాహిని తీర్పు వచ్చిన ఆరు నెలలు తిరక్కముందే, 2018 సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే ఆసుపత్రి బయట నరికి చంపారు. ప్రధాన నిందితుడు అమ్మాయి తండ్రి. అతను విచారణ ముగియక ముందే 2020 మార్చిలో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇక్కడ రహస్యం ఏదీ లేదు. చట్టప్రకారం పెళ్ళి అయింది, బహిరంగంగా కాపురం చేశారు. అయినా పరువు పోయిందన్నారు. మన దగ్గర పరువు అనే మాట అడుగున ఉన్నది కులమేనని ఇంతకన్నా తేటగా చూపిన కేసు లేదు. అమ్మాయి తక్కువ కులం, అబ్బాయి ఎక్కువ కులం అయిన చోట అదే ఊరు ‘మగపిల్లడు, వయసు’ అని నవ్వి ఊరుకుంటుంది, పెళ్ళి దాకా పోనంతవరకు.

ఫోన్

ఇదివరకు ఊరి మాట ఊళ్ళో పుట్టి ఊళ్ళోనే చచ్చేది. పెళ్ళి చేసి పంపేసినా, పట్నం పోయినా కొన్నాళ్ళకు మరుపున పడేది. ఇప్పుడు మండలానికి నాలుగైదు యూట్యూబ్ ఛానెళ్ళున్నాయి, ఒక్కో మైకు మీద ఒక్కో బొమ్మ. ఠాణా ముందు నిలబడి తీసిన నిమిషం వీడియో పదేళ్ళ తర్వాత కూడా పేరు కొడితే వస్తుంది. అప్పటికి ఆ అమ్మాయికి పిల్లలు బడికి పోతుంటారు. బద్నాంలో వచ్చిన అసలు మార్పు ఇదే: మరుపు పోయింది. దీంతోపాటు బెదిరింపు వచ్చింది. దగ్గరగా ఉన్నప్పటి ఫోటోలు చూపి డబ్బు గుంజడం, మళ్ళీ రమ్మని వేధించడం. ఐటీ చట్టం 66–ఇ సెక్షన్ కింద ఒప్పుకోలు లేకుండా ఆంతరంగిక చిత్రాలు పంచడం నేరం. తెలంగాణలో 2014 అక్టోబరులో మొదలైన షీ టీములకు ఇలాంటి ఫిర్యాదులు ఇవ్వవచ్చు.

ఇంట్లో చెప్పుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళకు ఈ నంబర్లు పనికొస్తాయి: మహిళలకు 181, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు 1098, సైబర్ బెదిరింపులకు 1930, చనిపోవాలనిపించేంత దిగులుగా ఉంటే టెలి మానస్ 14416. చివరిది రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.